మొదట నిలబెట్టిన గుమ్మం

ఈ దేశంలో ఇల్లు కట్టేవాళ్ళు తలుపు ఆఖర్న పెడతారు. గోడలు లేస్తాయి, కప్పు పడుతుంది, కిటికీలు బిగుస్తాయి. ఆ తర్వాత ఫ్రేముతో సహా తయారై వచ్చిన తలుపును తెచ్చి, దానికోసం వదిలిన ఖాళీలో పెట్టి మేకులు కొడతారు. మేం మాత్రం మొట్టమొదట గుమ్మం ఎత్తించాం. హామిల్టన్ దాటి చాలా దూరం పోయాక, చుట్టూ మొక్కజొన్న చేలు తప్ప ఇంకేమీ లేని చోట, ఒక్క గోడ కూడా లేవకముందే ఒట్టి గుమ్మం నిలబడింది. రోడ్డు మీద పోయేవాళ్ళు కార్లు స్లో చేసి మరీ చూసేవాళ్ళు. చూస్తే చూశారు, మాకేం.

ఆ గుమ్మం సంగతి చెప్పాలంటే ముందు మా ఆయన బార్న్ పిచ్చి గురించి చెప్పాలి. బార్న్ అంటే ఇక్కడి రైతులు గడ్డీ గొడ్లూ పెట్టుకునే పెద్ద కొట్టం. ఎత్తైన కప్పు, లోపల ఈ చివరినుంచి ఆ చివరిదాకా అడ్డుగోడ లేని చోటు. మేం ఈ దేశం వచ్చిన కొత్తలో స్కార్‌బరోలో ఒక బేస్‌మెంటులో అద్దెకున్నాం. ఆయన పొడగరి. హీటింగ్ గొట్టం కింద తల వంచకుండా వంటగదిలోకి రాలేకపోయేవాడు. తర్వాత బ్రాంప్టన్‌లో టౌన్‌హౌస్ కొన్నాం. అందులో తల తగలదు గానీ, ఇల్లంతా ఇరుకు మెట్లే. హైవే మీద పోతూ ఎక్కడైనా బార్న్ కనిపిస్తే చాలు, "చూడవే, ఎంత హాయిగా ఉందో," అనేవాడు. "ఆవులకి హాయిగానే ఉంటుంది," అనేదాన్ని. ఏదో మాటవరసకి అంటున్నాడనుకున్నాను. స్థలం కొనేశాక గానీ నా బుర్రకెక్కలేదు. "బంగారంలాంటి ఇల్లమ్ముకుని గొడ్ల చావిట్లో కాపురం పెడతామా?" అని ఇల్లెగిరిపోయేలా అరిచాను. ఆయన నవ్వి ఊరుకున్నాడు. ఎంత అరిచినా నవ్వి ఊరుకునే మనిషితో ఎంతకని పోట్లాడతాం?

స్థలం చేతికొచ్చిన కొన్నాళ్ళకే ఆయన కుడిచెయ్యి మొరాయించడం మొదలుపెట్టింది. చొక్కా గుండీ పెట్టుకోలేకపోయేవాడు. కాఫీ కప్పు రెండు చేతుల్తో పట్టుకునేవాడు. కంప్యూటర్ ముందు అన్నేళ్ళు కూర్చుంటే ఇంతేలే అనుకున్నాం. టెస్టుల మీద టెస్టులు చేశాక, హామిల్టన్‌లో ఒక డాక్టరమ్మ కుర్చీ మా దగ్గరికి జరుపుకుని కూర్చుంది. ఆవిడ కుర్చీ జరుపుకున్నప్పుడే నాకు అర్థమైపోయింది. ఏఎల్ఎస్ అంది. నరాల జబ్బు. కండరాలు ఒకటొకటిగా చచ్చుబడిపోతాయి. చేతులు, కాళ్ళు, మాట, మింగుడు, ఆఖరికి ఊపిరి. కొంచెం నెమ్మది చేసే మందుంది గానీ నయం చేసే మందు లేదు. తెలివి మాత్రం చివరిదాకా శుభ్రంగా ఉంటుందని చెప్పింది. ఓదార్పుగానే చెప్పింది పాపం.

కారెక్కగానే ఆయన అన్న మొదటి మాట, "ఎవరికీ చెప్పకు."

నేను ఏడుస్తూనే అడిగాను, ఎందుకని.

"అందరూ పాపం అంటారు. నేను బతికుండగా నన్నెవరూ పాపం అనకూడదు."

అలా మొదలైంది మా దాపరికం. జబ్బు దాచడం మనవాళ్ళకి ఒకరు నేర్పాలా? దిష్టి తగులుతుందని కొందరు, పిల్లల పెళ్ళిళ్ళకి అడ్డొస్తుందని కొందరు, పేరు పైకంటే అదెక్కడ నిజమైపోతుందోనని అందరూ దాస్తారు. మాకు పిల్లల్లేరు, పెళ్ళిళ్ళ గొడవ లేదు. అయినా దాచాం. ఎవరైనా అడిగితే "ఫ్రోజెన్ షోల్డరండీ, భుజం బిగుసుకుపోయింది" అనేవాళ్ళం. అది మన వాళ్ళలో ఇంటికొకళ్ళకి ఉన్నదే కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. పైగా ఎవరి ఫిజియో మంచివాడో, ఏ నూనె రాయాలో చెప్పేవాళ్ళు. ఆయన శ్రద్ధగా వినేవాడు. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయేది.

ఇల్లు మానేస్తాడనుకున్నాను. "మానెయ్యడమేమిటి? ఇప్పుడే కట్టాలి," అన్నాడు. బ్రాంప్టన్‌లో మన బిల్డర్లు బోలెడంతమంది ఉన్నారు. వాళ్ళని దగ్గరికి రానివ్వలేదు. మనవాళ్ళైతే మన వంక చూస్తారు, నడక చూస్తారు, ఇంటికెళ్ళి భార్యలకి చెబుతారు. అందుకని మన ముక్కూ మొహం తెలియని లోకల్ కాంట్రాక్టర్ కావాలన్నాడు. మా స్థలానికి పక్క రోడ్డులోనే ఒకతను దొరికాడు. ఆ చుట్టుపక్కల బార్నులు కట్టడం, కూలినవి విప్పడం అతని పని. అరవై దాటి ఉంటాయి. పెద్ద గడ్డం, మురికి టోపీ, పికప్ ట్రక్కులో పక్క సీట్లో ఒక ముసలి కుక్క. మాట్లాడటం మొదలుపెడితే ఆపడు. ఫోన్ చేస్తే ఎత్తడు. ఈ రెండు గుణాలూ ఒకే మనిషిలో ఎలా ఉంటాయో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

మొదటిరోజు ట్రక్కు బానెట్ మీద ప్లాన్ పరిచి నిలబడ్డాం. ఆ ప్లాను మా ఆయనదే. పడకగది పైన అటక మీద. ఎక్కడానికి నిటారు మెట్లు. కాంట్రాక్టర్ అన్నీ చూసి టోపీ వెనక్కి జరిపాడు.

"కట్టేముందు అందర్నీ ఒకటి అడుగుతాను. నా మోకాళ్ళు పాడయ్యాక అడగడం నేర్చుకున్నాను. మెట్లతో ఇబ్బంది ఉన్నవాళ్ళెవరైనా ఇంట్లో ఉన్నారా? ఉంటే ఇప్పుడే చెప్పండి. తర్వాత చెబితే గోడలు పగలగొట్టాలి."

నేను మా ఆయన వైపు చూశాను. ఆయన నా వైపు చూడలేదు.

"ఎవరూ లేరు. మేమిద్దరమే. మాకేం, గుండ్రాళ్ళలా ఉన్నాం," అన్నాడు ఇంగ్లీషులో, కుడిచెయ్యి జేబులో పెట్టుకుని.

అంతటితో ఊరుకున్నాడా! ముఖద్వారానికి గడప కావాలన్నాడు. బెత్తెడు ఎత్తు, గట్టి చెక్క. దాన్ని ముందు నిలబెట్టి, తర్వాతే మిగతా ఇల్లు కట్టాలన్నాడు. కాంట్రాక్టర్ ముందు నవ్వాడు, జోకనుకుని. ఈ రోజుల్లో అందరూ గుమ్మం దగ్గర నేలతో సమంగా ఉండేట్టు చేయమంటారని, తట్టుకుని పడకుండా, మంచు తుడవడానికి తేలికగా ఉంటుందని చెప్పాడు. మా ఆయన వినలేదు.

"గడప లేకపోతే మాకు అది ఇల్లు కాదు," అన్నాడు.

"గోడ లేకుండా తలుపుని దేనికి ఆనించమంటారు?"

"దేనికీ వద్దు. దానంతటది నిలబడాలి."

కాంట్రాక్టర్ కాసేపు గడ్డం గోక్కున్నాడు. మా స్థలంలో ఎప్పుడో కూలిపోయిన పాత బార్న్ తాలూకు దూలాలు గడ్డిలో పడి ఉన్నాయి. వెళ్ళి ఒకదాన్ని బూటుకాలితో తన్ని చూశాడు. ఓక్ కర్ర, లోపల ఇంకా గట్టిగా ఉందన్నాడు. గుమ్మానికీ గడపకీ అదే వాడదామన్నాడు. అప్పుడు వాళ్ళిద్దరూ ఆ దూలం దగ్గర గొంతుక్కూర్చుని కొలతలు మాట్లాడుకున్నారు. లేచేటప్పుడు మా ఆయన దూలం పట్టుకుని లేచాడు.

కారులో నేను నోటికి తాళం వెయ్యలేదు. "ఆ మెట్లు ఎవరెక్కుతారండీ? రేప్పొద్దున చక్రాల కుర్చీ వస్తే ఆ గడప మీంచి ఎలా పోతుంది? ఎగురుతుందా?"

"నన్ను ఇప్పుడే కుర్చీలో కూలేస్తున్నావా?"

"నేను కూలెయ్యడమేమిటండీ! డాక్టరమ్మ చెప్పింది మీరూ విన్నారుగా?"

"నడిచే ఇల్లు కట్టుకుంటున్నానే. కుర్చీ కోసం కట్టిన ఇంట్లోకి వెళ్తే వెంటనే కూర్చుండిపోతాను."

నా కోపం మాత్రం తగ్గలేదు. ఆ ఇల్లు పూర్తయ్యేసరికి ఆయన అందులో బతకలేకపోతే ఎవరికోసం ఆ ఇల్లు? ఆ ఒక్క ప్రశ్నే నన్ను తొలుస్తూ ఉండిపోయింది. ఆయన్ని అడగలేను. ఇంకెవరికీ చెప్పలేను.

కాంక్రీటు నేల పోసేసరికి ఆషాఢం వచ్చింది. ఆషాఢంలో గుమ్మం ఎత్తరు. శ్రావణం దాకా ఆగాలని కాంట్రాక్టర్‌కి చెప్పే భాగ్యం నాకు దక్కింది. మనుషుల్ని పెట్టుకున్నాను, ఊరికే కూర్చోబెట్టనా అన్నాడు. చంద్రుణ్ణి బట్టి మా నెలలు ఉంటాయని చెప్పాను. "అయితే నా క్రేను బుకింగ్ గురించి ఆ చంద్రుడితోనే మాట్లాడండి," అన్నాడు. అని, సణుక్కుంటూనే ఇంకొకరి గరాజ్ పని చూసుకుని, శ్రావణంలో చెప్పిన పొద్దుటికి వచ్చాడు. ఉతికిన చొక్కా వేసుకుని, గడ్డం దువ్వుకుని మరీ వచ్చాడు.

పంతులుగారు బ్రాంప్టన్‌నుంచి వచ్చాడు. వారమంతా సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, శని ఆదివారాలు పౌరోహిత్యం. ఆ బయల్లో గాలికి ఆయన ఉత్తరీయం నిలవడం లేదు. కాంక్రీటు నేల అంచున గుమ్మాన్ని నిలబెట్టి, అటూ ఇటూ ఏటవాలు కర్రలు దాపుపెట్టారు. నేను గడప కడిగి పసుపు రాశాను, కుంకుమ బొట్లు పెట్టాను. మామిడాకుల తోరణం కట్టాను. నవధాన్యాల మూట గడప కింద ఉంచాం. పాత ఓక్ కర్ర పసుపుతో వెలిగిపోయింది. ఎన్ని పోట్లాటలాడితేనేం, ఆ గడపని చూస్తే నాకూ ముచ్చటేసింది.

"అయ్యా, కొబ్బరికాయ కొట్టండి," అన్నాడు పంతులుగారు.

మా ఆయన కుడిచేత్తో కాయ అందుకున్నాడు. పట్టు నిలవలేదు. కాయ జారి, కాంక్రీటు మీద దొర్లుకుంటూ పోయి మట్టిలో పడింది. కాంట్రాక్టర్ వెళ్ళి కాయ తెచ్చి, చొక్కాకి తుడిచి ఇచ్చాడు.

"ఫ్రోజెన్ షోల్డర్," అన్నాడు మా ఆయన.

"నా చెల్లెలికీ వచ్చింది. భలే నొప్పి," అన్నాడు కాంట్రాక్టర్. ఇక ఆ చెల్లెలి కథ అందుకోబోతుంటే పంతులుగారు మధ్యలో అడ్డుపడి, "అమ్మా, మీరు కొట్టండి, దోషం లేదు," అన్నాడు. కొట్టాను. ఒక్క దెబ్బకి రెండు చెక్కలైంది. నా కోపమంతా దానిమీదే చూపించాను.

తర్వాత ఇద్దరం చెయ్యీ చెయ్యీ పట్టుకుని, కుడికాలు ముందు పెట్టి గడప దాటాం. దాటితే ఏముంది? పైన ఆకాశం, కింద సిమెంటు, ఎదురుగా మొక్కజొన్న. ఆయన మాత్రం నిజంగానే ఇంట్లోకొచ్చినట్టు అటూ ఇటూ తిరిగాడు. "ఇదిగో హాలు. ఇక్కడ నీ వంటిల్లు. నువ్వు గిన్నెలు విసిరినా గోడకి తగలవు, అంత దూరం," అన్నాడు. నన్ను ఆటపట్టించి చాలా నెలలైంది. నేను నవ్వాను. ఆయనంత సంతోషంగా ఉండటం ఆ జబ్బు వచ్చాక నేను మళ్ళీ చూడలేదు. అబద్ధమో నిజమో, ఆ పూటకి నాకూ అది ఇల్లులాగే అనిపించింది.

ఆకులు రాలే కాలానికి చట్రాలు లేచాయి, కప్పు పడింది. లోపల నిలబడి పైకి చూస్తే నిజంగానే ఎక్కడో ఉంది కప్పు. మా ఆయన రోజూ వెళ్దామనేవాడు. ఈలోగా ఆయన కుడిపాదం పూర్తిగా లేవడం మానేసింది. నేల మీద ఈడ్చేవాడు. ఒకరోజు మధ్యాహ్నం నేను కారు దగ్గర్నుంచి ఫ్లాస్కు తెస్తున్నాను. ఆయన నాకోసం ఆగలేదు. గడప దాటబోయాడు. పాదం తగిలింది. చేతులు అడ్డం పెట్టుకునే శక్తి లేదు కదా, మొహం మీదే బోర్లా పడ్డాడు.

నేను కేక పెట్టి పరిగెత్తేలోగా కాంట్రాక్టర్ వచ్చి చంకల కింద చేతులేసి లేపాడు. అంత పొడుగు మనిషి చంటిపిల్లాడిలా తేలిగ్గా లేచొచ్చాడు. కాంట్రాక్టర్ ముఖం మారిపోయింది. మాటలు ఆపని మనిషి, ఆయన పెదవిమీద రక్తం తుడుస్తూ అలా ఉండిపోయాడు.

మర్నాడు నేనొక్కదాన్నే వెళ్ళాను. ఆయనకి కూరగాయలకని చెప్పాను. కాంట్రాక్టర్ అటక మెట్లకి కొలతలు తీస్తున్నాడు. కిందికి రమ్మన్నాను. ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పనిది, మా తోడబుట్టినవాళ్ళకి కూడా చెప్పనిది, ఆ గడ్డపాయనకి చెప్పేశాను. జబ్బు పేరు చెప్పాను. ఏమేం పోతాయో చెప్పాను.

జాలి పడతాడనుకున్నాను. టేపు నేలకేసి కొట్టాడు.

"మొదటిరోజే అడిగాను. అందుకే అడిగాను! ఇద్దరూ నా ఎదురుగా నిలబడి లేదన్నారు. ఆ మనిషి పడి మెడ విరగ్గొట్టుకుంటే నేను కట్టిన గుమ్మంలోనే కదా!"

"మా ఆయన చెప్పొద్దన్నారు."

"మీకు నోరు లేదా?"

నన్ను చూసి నోరు లేదా అన్న మొదటి మనిషి అతనే. నాకు రోషం ముంచుకొచ్చింది. ఏదో అనబోయాను గానీ అతను వినలేదు. ట్రక్కెక్కి, కుక్కతో సహా వెళ్ళిపోయాడు. ఆ తర్వాత అతని జాడే లేదు. ఫోన్ ఎత్తడు. మెసేజ్ పెడితే జవాబు లేదు. సైటుకి వెళ్తే రంపాలు కూడా లేవు. పని వదిలేసి పోయాడనే అనుకున్నాను. ఇప్పుడు ఇంకొకణ్ణి ఎక్కడ తేను, ఆయనకి ఉన్న టైమెంత, అని రోజూ స్నానాల గదిలో కుళాయి తిప్పుకుని ఏడ్చాను.

తీరా చూస్తే వేటకెళ్ళాడు మహానుభావుడు! ఇక్కడి పల్లెల్లో జింకల వేట రోజులొస్తే ఒక్క పనివాడూ దొరకడు, అందరూ అడవుల్లోనే. అది అందరికీ తెలుసని అతని లెక్క. మాకెవరు చెబుతారు? ఒక పొద్దున ఏమీ జరగనట్టు వచ్చి, కాగితంలో చుట్టిన మాంసం నా చేతిలో పెట్టాడు. మేం తినమని ఎప్పుడో చెప్పాను. మర్చిపోయానన్నాడు. దాన్ని తీసుకుని కుక్కకి వేశాడు.

ఆ రోజే మా ఆయన్ని ఒక కుర్చీలో కూర్చోబెట్టి, ప్లాన్ ఎదురుగా పరిచాడు.

"ఒక చిక్కొచ్చింది. అటక మెట్లకి ఇన్‌స్పెక్టర్ ఒప్పుకోవడం లేదు. మరీ నిటారుగా ఉన్నాయంటున్నాడు. పడకగది కిందికి మారుద్దాం. మారుస్తున్నాం కాబట్టి తలుపులు కూడా వెడల్పు చేస్తాను. స్నానాలగదికి గట్టు తీసేస్తాను. అదీ వాళ్ళ రూలే."

అంతా పచ్చి అబద్ధం. ఏ ఇన్‌స్పెక్టరూ రాలేదు. అబద్ధం చెబుతూ నా వైపు ఒక్కసారైనా చూడలేదు. చిటికెడంత రూలుకి కూడా వాదించే మా ఆయన, దాని మీద ఒక్క మాట మాట్లాడలేదు. "అలాగే కానివ్వండి," అన్నాడు.

తిరిగొచ్చేటప్పుడు, హైవే ఎక్కబోతుంటే అన్నాడు, "గడప జోలికి మాత్రం రావద్దని చెప్పు అతనికి."

చెప్పినందుకు నన్ను తిట్టలేదు. ఆయనకి తెలుసు. ఆయనకి తెలుసని నాకూ తెలిసింది. కానీ ఆ మాట ఎవరం పైకి అనలేదు.

చలికాలమంతా ఆ గడప మీదే మా పోట్లాట. లోపల గోడలు పూర్తవుతున్నాయి, పొయ్యి దగ్గర రాళ్ళు పేరుస్తున్నారు, ఇక్కడ బ్రాంప్టన్‌లో ఆయన కాళ్ళు పూర్తిగా పడిపోయాయి. మెట్లు ఎక్కలేక హాల్లోనే మంచం వేశాం. మాట ముద్దయింది. మొదట ఫోన్లో ఉన్నవాళ్ళకి అర్థం కాలేదు, తర్వాత ఇంటికొచ్చిన నర్సుకి, ఆఖరికి నాకు తప్ప ఎవరికీ అర్థం కాలేదు. ఆ ముద్దమాటతోనే నాతో వాదించేవాడు.

"చక్రాలకి అడ్డమండీ. తీయించెయ్యండి, మీకు దణ్ణం పెడతా."

"దాటతాను."

"ఎలా దాటతారు?"

"నీకెందుకే, వసంతం రానీ. దాటతాను."

ఆ మొండితనానికి తల గోడకేసి కొట్టుకోవాలనిపించేది. గడప లేకుండా ఉంటే ఏం, నేలమీద పసుపు గీత గీసుకుంటానని కూడా అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపేవాడు. అప్పటికి తల ఊపడం ఇంకా వచ్చు.

వైశాఖంలో గృహప్రవేశం పెట్టాం. ఎవర్నీ పిలవలేదు. పంతులుగారు, కాంట్రాక్టర్, మేమిద్దరం. మోటారుతో నడిచే కుర్చీ అప్పటికి వచ్చింది. ఆయన ఎడమచేతి వేలొకటి ఇంకా కదిలేది, దాంతోనే నడిపేవాడు. గడప తియ్యకూడదు కాబట్టి, నేను అడిగిన మీదట కాంట్రాక్టర్ గడపకి ఇటూ అటూ ఏటవాలుగా రెండు ప్లైవుడ్ చెక్కలు చేసి తెచ్చాడు. కుర్చీ ఇటు ఎక్కి, అటు దిగాలి. తెల్లవారుజామునే వచ్చి వాటిమీద తనే ఎగిరి చూశాడట, విరుగుతాయేమోనని.

గడపకి పసుపు రాశాను. మంగళహారతి పళ్ళెం పట్టుకుని లోపల నిలబడ్డాను. ఆయన వేలు కదిపాడు. కుర్చీ చెక్కమీదికి ఎక్కింది. గడప మీదికి వచ్చేసరికి ముందు చక్రాలు ఒక్కసారి ధభీమని అటువైపు దిగాయి. ఆ కుదుపుకి ఆయన తల ముందుకి వాలిపోయింది. గడ్డం గుండెకానుకుంది. మళ్ళీ ఎత్తుకునే బలం మెడలో లేదు. ఊపిరి అడ్డుపడి గురగురమని చప్పుడు. పళ్ళెం ఎక్కడ పడేశానో తెలియదు. పరిగెత్తి రెండు చేతులతో తల ఎత్తి పట్టుకున్నాను. కాంట్రాక్టర్ వెనకనుంచి కుర్చీని బయటికి లాగేశాడు.

కాసేపటికి ఊపిరి కుదుటపడింది. ఆయన తలని నా పొట్టకి ఆనించుకుని నిలబడ్డాను. పంతులుగారు మంత్రం ఆపేశాడు. మా ఆయన గడప వైపు చాలాసేపు చూశాడు. తర్వాత కాంట్రాక్టర్ వైపు తిరిగి ఏదో అన్నాడు, ఇంగ్లీషులో.

కాంట్రాక్టర్‌కి అర్థం కాలేదు. వంగి చెవి దగ్గర పెట్టాడు. ఆయన మళ్ళీ అన్నాడు. అతను తలెత్తి నన్నడిగాడు, "ఏమంటున్నారు?"

నాకు మొదటిసారే అర్థమైంది. తీసెయ్యమంటున్నాడు. కోసెయ్యమంటున్నాడు.

"అలిసిపోయానంటున్నారు," అన్నాను.

ఏడాదిగా నేను కోరుకున్నది అదే. దానికోసమే తిట్టాను, ఏడ్చాను, దణ్ణాలు పెట్టాను. తీరా ఆయన సరేనంటే, ఆ మాట చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఆ గడప ఉన్నంతకాలం ఆయన దాటతానంటూ ఉంటాడు. దాటతాననే మనిషి నాకు ఉంటాడు. అది పోతే ఇంకేం మిగులుతుంది నాకు?

ఆయన నా వైపు చూశాడు. ఈసారి తెలుగులో అన్నాడు, మెల్లగా, ఒక్కొక్క మాటా కూడగట్టుకుని.

"చెప్పవే. నేనింక నడవనని చెప్పు. పర్లేదు, చెప్పు."

కాంట్రాక్టర్ ఎదురుచూస్తున్నాడు. పంతులుగారికి కూడా ఆ తెలుగు అర్థమైనట్టు లేదు, నా మొహం వైపే చూస్తున్నాడు.

"మా ఆయన ఇంక నడవలేరు," అన్నాను. "గడప తీసెయ్యమంటున్నారు."

కాంట్రాక్టర్ తలూపాడు. ట్రక్కు దగ్గరికి వెళ్ళి కరెంటు రంపం తెచ్చాడు. మోకాళ్ళు పాడైన మనిషి, గుమ్మం ముందు రెండు మోకాళ్ళ మీదా కూర్చున్నాడు. ఒక చివర కోశాడు. పసుపుపొడీ రంపప్పొట్టూ కలిసి లేచాయి. పాత ఓక్ కర్ర, ఒక పట్టాన తెగలేదు. రెండో చివర కోశాడు. నేను చెవులు మూసుకోవాలనుకున్నాను గానీ నా చేతులు ఆయన తలని పట్టుకుని ఉన్నాయి. మా ఆయన కళ్ళు తిప్పకుండా చూశాడు. గడప ఊడొచ్చాక కాంట్రాక్టర్ దాన్ని గోడవారగా పెట్టి, ఆ సందులో ఒక పలక బిగించి, అరచేత్తో అటూ ఇటూ రాసి చూసుకుని లేచాడు.

నేను ఆయన తలని కుర్చీ దిండుకి పట్టీతో బిగించాను. ఆయన వేలు కదిపాడు. కుర్చీ లోపలికి వెళ్ళిపోయింది. చిన్న కుదుపు కూడా లేదు. పైనెక్కడో ఉన్న ఆ కప్పు కింద, ఆ పెద్ద హాల్లో, కుర్చీ మోటారు చప్పుడు దూరంగా పోయింది.

నేను గుమ్మం దగ్గరే నిలబడిపోయాను. ఎత్తడానికి కాలికి ఏమీ అడ్డం లేదు, అయినా నా కాలు లేవలేదు. కాంట్రాక్టర్ పక్కన నిలబడి టోపీ చేతిలో నలుపుతున్నాడు. లోపల్నుంచి ఆయన గొంతు వినిపించింది.

కాంట్రాక్టర్ ఈసారి అడగలేదు.

"రావే," అంటున్నాడు మా ఆయన. "లోపలికి రా."

వెళ్ళాను.